ఉప్పునీటి చేపలకు తెల్లమచ్చల జబ్బు – గుర్తింపు, చికిత్స

గాజు తొట్టెలో తిరిగే రంగురంగుల చేపలను చూసి ముచ్చటపడని వారుండరు. దుకాణాల్లో మనకు ఎక్కువగా కనిపించే గోల్డ్‌ఫిష్, గప్పీ మంచినీటి చేపలు. నారింజ రంగుపై తెల్లచారలుండే క్లౌన్ చేప, నీలిరంగు టాంగ్ చేప సముద్రపువి. వీటి నీటిలో లీటరుకు సుమారు 35 గ్రాముల లవణాలు ఉండాలి. ఖరీదు కూడా ఎక్కువే. సముద్రపు అలంకార చేపల్లో చాలావరకు పగడపు దిబ్బల దగ్గర పట్టి తెచ్చినవే. అంత దూరం నుండి వచ్చిన చేప ఒళ్లంతా తెల్లచుక్కలు వేసి చనిపోయిందంటే, కారణం చాలాసార్లు క్రిప్టోకేరియాన్ ఇరిటాన్స్ అనే ఏకకణ పరాన్నజీవి. దీనిని 1937లో జపాన్‌లో సికామా వర్ణించగా, 1951లో బ్రౌన్ ఈ పేరు పెట్టారు.

పారమీషియం పాఠం చదివిన వారికి శైలికలు తెలుసు. ఇది కూడా శైలికలున్న జీవే. దీని జీవిత చక్రం తెలిస్తేనే చికిత్స అర్థమవుతుంది. మొదట ఇది చేప చర్మం పైపొర కిందికి, మొప్పల్లోకి దూరి, అక్కడి కణాలను తింటూ 3 నుండి 7 రోజులు పెరుగుతుంది. మనకు కనిపించే చుక్క ఇదే. తరువాత, ఎక్కువగా చీకటి వేళ, చేపను వదిలి అడుగుకు చేరి గట్టి కోశం కట్టుకుంటుంది. ఆ కోశంలో విభజన జరిగి వందల సంఖ్యలో పిల్లజీవులు తయారవుతాయి. ఇందుకు సాధారణంగా 3 నుండి 28 రోజులు పడుతుంది. కొన్ని కోశాలు రెండు నెలలకు పైగా కూడా ఆగుతాయి. బయటికి వచ్చిన పిల్లజీవికి ఒకటి రెండు రోజుల్లో చేప దొరకకపోతే చచ్చిపోతుంది.

చిక్కంతా ఇక్కడే ఉంది. ఐదారు రోజులకు మచ్చలు వాటంతటవే మాయమవుతాయి. ఆ ముందురోజు ఏ మందు వేసి ఉంటే దానికి మంచి పేరు వస్తుంది! నిజానికి జబ్బు చేప మీద నుండి ఇసుకలోకి దిగింది, అంతే. మరికొన్ని రోజులకు పదింతలుగా తిరిగి వస్తుంది. మన హాస్టళ్లలో గజ్జి సంగతి తెలిసిందే కదా. ఒక్కరికే మందు రాసి పక్కవాళ్లను, దుప్పట్లను వదిలేస్తే మళ్లీ మొదటికి వస్తుంది. ఇక్కడ అడుగున ఉన్న ఇసుకే ఆ దుప్పటి.

ముందు ఇది ఏ జబ్బో సరిగా తేల్చుకోవాలి. చుక్కలు ఉప్పురవ్వలంత ఉండి, లెక్కపెట్టేలా కనిపిస్తే తెల్లమచ్చల జబ్బు కావచ్చు. పిండి చల్లినట్టు సన్నని దుమ్ములా ఉండి, చేప వేగంగా ఎగపోస్తుంటే అది అమైలూడినియం అనే వేరే జీవి. ఇది ఒకటి రెండు రోజుల్లోనే చంపగలదు. రెక్కల మీద కాలీఫ్లవర్ పువ్వులా గడ్డలుంటే అది వైరస్ వల్ల వచ్చే లింఫోసిస్టిస్. దానికి ఈ మందులు పనిచేయవు. ఒక్కోసారి చర్మం మీద ఏమీ లేకుండా మొప్పల్లోనే పురుగు ఉంటుంది. అప్పుడు చేప తిండి మానేసి, రాళ్లకు ఒళ్లు రుద్దుకుంటుంది. ఖాయంగా చెప్పాలంటే చర్మం జిగురు కొద్దిగా గీకి సూక్ష్మదర్శినిలో చూడాలి. శైలికలతో మెల్లగా గుండ్రంగా తిరిగే జీవి, లోపల నాలుగు తమ్మెల కేంద్రకం కనిపిస్తే అనుమానం అక్కర్లేదు. మంచినీటి తెల్లమచ్చల పురుగుకు కేంద్రకం గుర్రపునాడా ఆకారంలో ఉంటుంది. రెండూ ఒకటి కావు.

ఏ మందైనా చంపేది ఈదుతున్న పిల్లజీవినే. చర్మం కింద ఉన్నదానికి, కోశంలో ఉన్నదానికి తగలదు. అందుకే చికిత్స వారాలు సాగాలి. చేపలన్నింటినీ, మచ్చలు లేనివాటిని కూడా, ఇసుక, రాళ్లు లేని వేరే తొట్టెలోకి మార్చాలి. దాక్కోవడానికి పైపు ముక్కలు చాలు. రాగి మందు వాడితే లీటరుకు 0.15 నుండి 0.20 మిల్లీగ్రాముల స్వేచ్ఛా రాగి కనీసం మూడు వారాలు నిలకడగా ఉండాలి. తగ్గితే పురుగు బతుకుతుంది, పెరిగితే చేప చస్తుంది. కాబట్టి రోజూ పరీక్షించాలి. పగడాలు, రొయ్యలు, నత్తలు ఉన్న తొట్టెలో రాగి వేస్తే అవన్నీ పోతాయి.

రెండో పద్ధతి లవణాలను కొన్ని రోజుల్లో మెల్లగా 35 నుండి 15 గ్రాములకు దించి, మూడు వారాలకు పైగా ఉంచడం. అయితే అమైలూడినియం తక్కువ ఉప్పును తట్టుకుంటుంది. ముందే తేల్చుకోవాలన్నది అందుకే. మూడోది నాకు బాగా నచ్చినది, ఎందుకంటే ఇందులో మందే లేదు. 1987లో ఇజ్రాయెల్ పరిశోధకుడు కొలోర్ని చెప్పినట్టు, ప్రతి మూడు రోజులకు చేపను శుభ్రమైన పొడి తొట్టెలో కొత్త ఉప్పునీరు పోసి మార్చాలి. ఇలా నాలుగుసార్లు చేయాలి. రాలిన కోశాలు పగిలేలోపు చేప అక్కడ ఉండదు. వెల్లుల్లి తినిపించడం వంటి చిట్కాలను నమ్ముకుంటే కాలం వృథా.

పాత తొట్టెను ఆరు వారాలకు తగ్గకుండా, వీలైతే రెండున్నర నెలలు, చేపలు లేకుండా వదిలేయాలి. తడి వల, తడి చేయి ఒక తొట్టె నుండి మరో తొట్టెలో పెట్టకూడదు.

ఈ జబ్బు అలంకార చేపలకే పరిమితం కాదు. తీరంలో ఉప్పునీటిలో పెంచే పండుగప్పకూ వస్తుంది. అయితే పండుగప్ప మంచినీటిలోనూ బతకగలదు కనుక, చెరువుల్లో ఉప్పు తగ్గించడం రైతుకు సులువు. సముద్రంలో వల పంజరాల్లో పెంచేవారికి ఆ వీలు లేదు. వారు పంజరాన్ని లోతు ఎక్కువగా, నీటి ప్రవాహం బాగా ఉన్న చోటికి మార్చుకోవాల్సి వస్తుంది.