నానీకి ఎండలో, అమ్మీకి వానలో...

ఆడవాళ్ల వయసు అడగడం మర్యాద కాదంటారు. మన ఇళ్లలో అడిగినా సరైన జవాబు దొరకదు. అందుకు దాపరికం ఒక్కటే కారణం కాదు, క్యాలెండర్ కూడా కారణమే. గోడ మీది క్యాలెండర్ ప్రకారం ఏడాదికి 365 రోజులు. నెలవంకను చూసి లెక్కపెట్టే హిజ్రీ సంవత్సరానికి 354 లేక 355 రోజులు. ఏటా పది, పదకొండు రోజుల తేడా. ఈ తేడా పోగుపడి సుమారు 33 ఏళ్లకు ఒక పూర్తి సంవత్సరం అవుతుంది. అంటే బడి సర్టిఫికెట్‌లో 33 నిండిన ఇల్లాలికి చంద్రుడి లెక్కలో 34 నిండాయన్నమాట. ఈ సంగతి మావారు ఒకసారి చుట్టాలందరి ముందూ వేళ్ల మీద లెక్కపెట్టి చూపించారు. ఆ పూట ఆయనకు చాయ్ కాస్త ఆలస్యంగా అందింది.

వయసు సంగతిలో నష్టం ఉన్నా ఈ లెక్కలో ఒక లాభం కూడా ఉంది. సంక్రాంతి ఎప్పుడూ చలిలోనే వస్తుంది. ఉగాది ఎప్పుడూ మామిడి పిందెలతోనే వస్తుంది. రంజాన్ అలా కాదు. ఏటా కాస్త ముందుకు జరుగుతూ ఎండను, వానను, చలిని అన్నింటినీ చుట్టి వస్తుంది. అందువల్ల ఒక్కో తరం పిల్లల మొదటి రోజా ఒక్కో కాలంలో పడుతుంది. మా ఇంట్లో నాలుగు తరాల ఆడవాళ్లం ఉన్నాం. నలుగురమూ ఎనిమిదో ఏటనే మొదటి రోజా ఉన్నాం. నాలుగూ నాలుగు రకాలు.

రోహిణీ కార్తెలో గంగాళం

మా నానీ పుట్టింది 1945లో, గుంటూరులో. ఆమె మొదటి రోజా 1953లో. ఆ ఏడాది మే నెల మధ్యలో మొదలైన రంజాన్ జూన్ రెండో వారం దాకా సాగింది. గుంటూరు ఎండ, పైగా రోహిణీ కార్తె. అప్పటికి ఆంధ్ర రాష్ట్రమే ఇంకా ఏర్పడలేదు, మనవాళ్లు మద్రాసు రాష్ట్రంలో ఉన్నారు. ఇంట్లో కరెంటు లేదు. ఉన్నది ఒక తాటాకు విసనకర్ర, దాని కోసం ఆరుగురు పిల్లల పోట్లాట.

మధ్యాహ్నం రెండు దాటేసరికి నానీకి నాలుక పిడచకట్టుకుపోయింది. వాళ్లమ్మ పెద్ద రాగి గంగాళం నిండా బావి నీళ్లు తోడి, పిల్లను అందులో కూర్చోబెట్టి, నెత్తిన తడి తువ్వాలు వేసింది. మెడ దాకా నీళ్లు, గొంతులోకి మాత్రం చుక్క పోకూడదు. “నీళ్లలో కూర్చుని దాహంతో అల్లాడిన మనిషిని నేనొక్కదాన్నే” అని నానీ ఇప్పటికీ గొప్పగా చెప్పుకుంటుంది. సాయంత్రానికి వేళ్ల చివరలు ముడతలు పడ్డాయట గానీ రోజా మాత్రం నిలిచింది.

మిల్లు కూత

మా అమ్మీ వంతు 1976లో వచ్చింది. ఎమర్జెన్సీ రోజులు. రంజాన్ ఆగస్టు ఆఖరులో మొదలైంది. రెండు రోజులుగా ఒకటే ముసురు. సూర్యుడు ఎప్పుడు ఉన్నాడో ఎప్పుడు పోయాడో తెలియని వాతావరణం. ఖర్జూరం చేతిలో పట్టుకుని అమ్మీ అరుగు మీద కూర్చుంది. ఇంతలో “కూ...” అని సైరన్ మోగింది. అమ్మీ ఠక్కున ఖర్జూరం నోట్లో వేసుకుంది. రెండోది కూడా వేసుకోబోతుంటే మామూ పరుగెత్తుకొచ్చి, “అది మసీదు సైరన్ కాదే, మిల్లు కూత! కూలీలు డ్యూటీ దిగే టైము!” అన్నాడు.

ఇక అమ్మీ ఏడుపు వీధి చివరిదాకా వినిపించిందట. మా నానా ఆమెను ఒళ్లో కూర్చోబెట్టుకుని, “చిన్నపిల్లలకు రోజా విధి కాదమ్మా. ఇంతసేపు ఉన్నావు కదా, అల్లాహ్ చూశాడు. మిగిలిన గంట రేపు చూసుకుందాం” అన్నారు. అమ్మీ మర్నాడు మళ్లీ ఉంది, పూర్తి చేసింది. యాభై ఏళ్లు కావస్తున్నా సైరన్ ఒక్కటే మోగితే ఆమె నమ్మదు. గోడ గడియారం, సెల్‌ఫోను, మసీదు మైకు మూడూ ఒకే మాట చెబితేనే ఖర్జూరం నోటి దగ్గరికి వెళుతుంది.

కాలికి కట్టిన దారం

నా మొదటి రోజా 1999 డిసెంబరులో. 2000 సంవత్సరం రాగానే కంప్యూటర్లన్నీ మొరాయిస్తాయని లోకమంతా భయపడుతున్న రోజులవి. నా దిగులు వేరు. ‘పసిపిల్ల, చలి’ అని నన్ను సహరీకి లేపకుండా వదిలేస్తారేమోనని బెంగ. రాత్రి నా కాలికి ఒక దారం కట్టి, రెండో కొస అమ్మీ గాజుకు ముడివేసి పడుకున్నాను. అమ్మీ లేవగానే నేనూ లేచాను. లేచి, దుప్పటి కప్పుకునే ఇంత అన్నం, పెరుగు తిన్నాను.

మన ప్రాంతంలో డిసెంబరు రోజా పన్నెండు గంటల పైచిలుకు. మే, జూన్ నెలల్లో పద్నాలుగు దాటుతుంది. ఆ రెండు గంటల తేడాను నానీ నాకు ఎన్నడూ మాఫీ చేయలేదు. “చలికాలం రోజా కూడా ఒక రోజాయేనా, కళ్లు మూసి తెరిస్తే అయిపోతుంది” అని తీసిపారేస్తుంది.

అయితే నా రోజాకు నానీ దగ్గర లేనిది ఒకటుంది. బడిలో నా పక్కన కూర్చునే అమ్మాయి, నేను తినడం లేదని తానూ డబ్బా తెరవలేదు. ఎంత చెప్పినా వినలేదు. పులిహోర నిండా ఉన్న డబ్బా అలాగే ఇంటికి తిరిగి వెళ్లింది. సాయంత్రం వాళ్లమ్మ కంగారుగా మా ఇంటికి వచ్చి సంగతి విని నవ్వి, ఆ డబ్బాను మా ఇఫ్తార్ సుఫ్రా మీదనే పెట్టి వెళ్లారు. ఆ రోజు మా తరగతిలో రోజా ఉన్నది నేనొక్కదాన్నే కాదు, ఒకటిన్నర మంది.

ప్రశ్నల పుట్ట

నేను పుట్టిన 1992లో రంజాన్ మార్చిలో వచ్చింది. చుట్టంతా తిరిగి 2025లో మళ్లీ మార్చిలోనే మొదలైంది. ఈసారి మా అమ్మాయి వంతు. అంతకు ముందు రెండేళ్లు చిడియా రోజాలతో సరిపెట్టింది. చిడియా రోజా అంటే పిట్ట రోజా. సహరీకి అందరితో లేవడం, మధ్యాహ్నం అన్నం తినడం, సాయంత్రం అందరితో కూర్చుని మళ్లీ ఇఫ్తార్ చేయడం. ఏ విధంగా చూసినా పిల్లలకు లాభసాటి బేరం.

2025లో మాత్రం “నాకు పూర్తి రోజా కావాలి” అని పట్టుబట్టింది. మార్చి 9, ఆదివారం. బడి లేదు. తెల్లవారిన దగ్గర్నుంచి ప్రశ్నలే ప్రశ్నలు. “అమ్మీ, ఉమ్మి మింగితే రోజా పోతుందా?” పోదు. “పక్కింటి వాళ్ల చేపల పులుసు వాసన పీలిస్తే?” పోదు. “మరిచిపోయి తింటే?” మరిచిపోయి తింటే రోజా పోదని హదీసు ఉందని చెప్పాను. కాసేపు ఆలోచించింది. “అయితే నేను రెండు గంటలకు మరిచిపోతాను” అంది.

నవ్వు ఆపుకుని నేనూ ఒక షరతు పెట్టాను. “నువ్వు ఎప్పుడు అడిగితే అప్పుడు నీళ్లిస్తాను. ఎవరూ ఏమీ అనరు. కానీ నువ్వు అడగనిదే నేను ఇవ్వను.” సరేనంది. షరతు పిల్లకు పెట్టాననే అనుకున్నాను. మధ్యాహ్నం మూడింటికి గానీ అది ఎవరికి పెట్టుకున్నానో తెలియలేదు.

మూడింటికి పిల్ల చాప మీద వాలింది. మొహం చిన్నబోయింది. నా చెయ్యి తనంతట తానే గ్లాసు మీదికి పోతోంది. చేతులకు పని పెట్టాలని ఉల్లిపాయలు ముందేసుకుని తరగడం మొదలుపెట్టాను. పిల్ల లేచి మట్టికుండ దగ్గరికి వెళ్లింది. ఊపిరి బిగబట్టి చూశాను. తడి కుండకు రెండు అరచేతులూ ఆనించి, ఆ చల్లదనాన్ని బుగ్గలకు అద్దుకుని తిరిగొచ్చి పడుకుంది. నేను ఇంకో కిలో ఉల్లిపాయలు తీశాను. ఆ సాయంత్రం మా పకోడీలు వీధి వీధంతటికీ సరిపోయాయి.

పెద్ద నానీది చిడియా రోజా

ముందుగా కరిగిపోయింది ఎవరనుకున్నారు? గంగాళంలో కూర్చుని రోజా నిలుపుకున్న మా నానీ. “ఆ పసిదాని మొహం చూడవే, రెండు గుక్కలు ఇవ్వు” అని మంచం మీద నుంచి నాపై కేకలు. “పెద్ద నానీ, మీరు గంగాళంలో నుంచి లేచి నీళ్లు తాగారా?” అని పిల్ల అడిగింది. నానీ నోరు మూతపడింది. మా ఇంట్లో అది అరుదు.

ఇక్కడ ఒక సంగతి చెప్పాలి. నానీకి ఎనభై ఏళ్లు, ఆమె లెక్కలో ఎనభై రెండు. షుగరు, బీపీ మాత్రలు. రోజా వద్దని డాక్టరు గట్టిగా చెప్పి అప్పటికి రెండేళ్లు. కోలుకునే ఆశ లేని వృద్ధులు రోజాకు బదులు ఒక పేదకు అన్నం పెట్టే వెసులుబాటు ధర్మంలో ఉంది. ఆ ఫిద్యా లెక్క నానీ పైసాతో సహా తానే చూసుకుంటుంది. అయినా మనసుకు సర్దుకోలేదు. మధ్యాహ్నం మాత్ర వేసుకోవడానికి తలుపు చాటుకు వెళ్లి, ఎవరూ చూడకుండా దొంగలా నీళ్లు తాగి వస్తుంది. సహరీకి మాత్రం అందరికంటే ముందు లేస్తుంది. ఇఫ్తార్‌కు అందరితో ఖర్జూరం పట్టుకుని కూర్చుంటుంది.

ఆ రోజు తలుపు చాటు సంగతి మా పిల్ల కంట పడింది. మేమంతా నిశ్శబ్దంగా ఉండిపోయాం. పిల్ల మాత్రం తనకు బాగా తెలిసిన విషయం చెబుతున్నట్లు, “పెద్ద నానీది చిడియా రోజా” అంది.

నానీ ఒక నిమిషం దాని వంకే చూసింది. తర్వాత కళ్లలో నీళ్లు వచ్చేదాకా నవ్వింది. “నిజమేనే! మొదలుపెట్టిన చోటికే వచ్చాను” అంది. ఆ రోజు నుంచి మాత్ర వేసుకోవడానికి తలుపు చాటుకు వెళ్లడం మానేసింది. మేము ఎంత నచ్చజెప్పినా కుదరనిది ఒక పిల్ల మాటతో కుదిరింది.

మగ్రిబ్ అజాన్ వినపడగానే మా అమ్మాయి మెడలో పూలదండతో, ఖర్జూరం చేత పట్టుకుని, వెంటనే తినకుండా అమ్మీ వంక చూసింది. అమ్మీ గడియారం, ఫోను, మైకు మూడూ సరిచూసి తల ఊపాకనే తింది.

ఉన్ని బొమ్మలు

పిల్లలకు రోజా అలవాటు చేయడం మన తరంతో మొదలైన ముచ్చట కాదు. మదీనాలో ఆషూరా ఉపవాసం నాడు తల్లులు చిన్నపిల్లల చేత కూడా ఉపవాసం ఉంచేవారని, ఆకలికి ఏడిస్తే ఉన్నితో చేసిన బొమ్మలిచ్చి ఇఫ్తార్ వేళ వరకు ఆడించేవారని రుబయ్యి బిన్తె ముఅవ్విజ్ (ర) చెప్పిన హదీసు బుఖారీలో ఉంది. ఇది చదివినప్పుడల్లా నాకు ఆ బొమ్మలు కుట్టిన చేతులు గుర్తుకొస్తాయి. బహుశా ఆ తల్లులూ తమ చేతులకు పని పెట్టుకోవడానికే కుట్టారేమో!

అలాగని పంతం పనికిరాదు. యుక్తవయసు రాని పిల్లలకు రోజా విధి కాదు. పిల్లకు కళ్లు తిరిగినా, మత్తుగా ఉన్నా, జ్వరం తగిలినా అడిగేదాకా ఆగకుండా నీళ్లు పట్టాల్సిందే. జబ్బుకు మందులు వాడే పిల్లల విషయంలో డాక్టరు మాటే మాట. పూర్తి కాని రోజాకు ఎగతాళి చేయకూడదు. ‘పక్కింటి పిల్ల ఉండగా నువ్వెందుకు ఉండలేవు’ అనే మాట అసలు వద్దు. మా నానా అన్నట్లు మిగిలిన గంట రేపు చూసుకోవచ్చు.

నిజానికి ఇది ఒక్క రోజా సంగతే కాదు. పిల్ల మొదటిసారి ఒంటరిగా కిరాణా కొట్టుకు వెళ్లినప్పుడు, పెనం మీద మొదటి రొట్టె వేసినప్పుడు, జడ తానే వేసుకుని వంకరగా వచ్చినప్పుడు, మన చేతులు ఊరుకోవు. సాయం చేయడం తల్లికి పుట్టుకతో వచ్చిన విద్య. అడిగేదాకా ఆగడమే నేర్చుకోవాల్సిన విద్య. పిల్ల ఒక్కో ఏడాది పెరుగుతుంటే తల్లి ఆ విద్యలో ఒక్కో తరగతి దాటుతుంది. నేనింకా ఒకటో తరగతిలోనే ఉన్నాను. నానీ ఎనభయ్యో ఏట కూడా పరీక్ష తప్పుతూనే ఉంది.

2030లో ఒక విశేషం జరగబోతోంది. జనవరి మొదట్లో ఒక రంజాన్, డిసెంబరు ఆఖరులో మరొక రంజాన్, ఒకే ఏడాదిలో రెండు మొదలవుతాయి. ఆ తర్వాత నెల వెనక్కి జరుగుతూ, జరుగుతూ 2051లో మళ్లీ మే నెల మధ్యకు, నానీ గంగాళం నాటి ఎండల్లోకి వస్తుంది. అప్పటికి మా అమ్మాయికి 34 ఏళ్లు. దానికీ ఒక ఎనిమిదేళ్ల మొండిపిల్ల ఉండవచ్చు.

ఈ లెక్క చెప్పగానే అది నానీ దగ్గరికి పరుగెత్తింది. గంగాళం ఎంత పెద్దది, నీళ్లు ఎందాకా పోయాలి, తువ్వాలు ఎన్నిసార్లు తడపాలి అని ఒక్కొక్కటీ అడిగి బడి పుస్తకం వెనక అట్ట మీద రాసుకుంది. నానీ చెప్పింది ఉర్దూలో, అది రాసుకుంది తెలుగులో. గంగాళానికి ఒత్తు తప్పు రాసింది. దిద్దమని అది అడగలేదు. నేను దిద్దలేదు.