పైసలు లేకుండా బొమ్మలు చూద్దాం

అక్కలారా, ఈ రెండు మాటలు చదవండి.

ప్రవేశం ఉచితం.

ప్రవేశం అంటే లోపలికి పోవడం. ఉచితం అంటే పైసలు అడగరు. ఈ రెండు మాటలు ఒక తలుపు మీద ఉంటే ఆ తలుపు మనకు కూడా తెరిచినట్టే. చదువు రాకముందు ఇట్లాంటి బోర్డులు ఎన్ని దాటి పోయామో మనకే తెలియదు.

నాకైతే చదువు వచ్చు. అయినా నేనూ దాటి పోయిన. టీచర్ ట్రైనింగ్ చేసేటప్పుడు పరీక్ష పని మీద హైదరాబాద్ పోయిన. సాయంత్రం ఒక అద్దాల తలుపు కనిపించింది. లోపల దీపాలు వెలుగుతున్నాయి. గోడకు పెద్ద బొమ్మ ఉంది. తలుపు దగ్గర వాచ్‌మన్ కూర్చున్నాడు. ఆయన నన్ను ఏమీ అనలేదు. నేనే నా చెప్పులు చూసుకున్నాను. దుమ్ము పట్టి ఉన్నాయి. ఇది ఉన్నోళ్ల జాగ అనుకుని వెనక్కి తిరిగిన. బోర్డు చదివి కూడా తిరిగిన. ఆ బొమ్మ ఏమిటో ఇప్పటికీ నాకు తెలియదు.

ఆ జాగను ఆర్ట్ గ్యాలరీ అంటారు. బొమ్మలు గీసేవాళ్లు తమ బొమ్మలను అక్కడ గోడలకు తగిలిస్తారు. గోడలకు ఎక్కువగా తెల్ల సున్నమే ఉంటుంది. ప్రతి బొమ్మ పక్కన చిన్న చీటీ ఉంటుంది. గీసినవారి పేరు, బొమ్మ పేరు, ఏ సంవత్సరం గీశారు, ఏ రంగులు వాడారు అని దాని మీద రాసి ఉంటుంది. కొన్నిసార్లు ధర కూడా ఉంటుంది. చీటీ పక్కన చిన్న ఎర్ర చుక్క అంటించి ఉంటే ఆ బొమ్మ అమ్ముడు పోయిందని గుర్తు. చాలా చోట్ల ఈ చీటీలు ఇంగ్లీషులోనే ఉంటాయి. ఇది నాకు నచ్చదు. తెలుగు నాట తెలుగులో ఒక వరుస రాస్తే ఏం పోతుంది? అయినా అక్కడ ఉన్నవాళ్లను అడగండి, చెప్తారు. అడగడానికి సిగ్గు పడవద్దు.

టికెట్ లేకుంటే గ్యాలరీ ఎట్ల నడుస్తుంది? అది బొమ్మల దుకాణం. బొమ్మ అమ్ముడు పోతే వచ్చిన డబ్బులో గ్యాలరీకి వాటా ఉంటుంది. చాలా చోట్ల సగం దాకా తీసుకుంటారు. బట్టల దుకాణంలో చీరలు చూడడానికి టికెట్ అడుగుతారా? ఇదీ అంతే. పది మంది వచ్చి చూస్తేనే బొమ్మకు పేరు వస్తుంది. కాబట్టి మనం పోతే వాళ్లు మనకు దానం చేసినట్టు కాదు. మ్యూజియం సంగతి వేరు. సాలార్‌జంగ్ మ్యూజియంలో టికెట్ ఉంటుంది.

అమెరికాలో సియాటిల్ అనే నగరం ఉంది. మన తెలుగు పిల్లలు ఎందరో అక్కడ కంప్యూటర్ కొలువులు చేస్తున్నారు. ఆ నగరంలో పయనీర్ స్క్వేర్ అనే పాత పేట ఉంది. 1981లో అక్కడ ఒక పద్ధతి మొదలైంది. నెలలో మొదటి గురువారం సాయంత్రం ఆ పేటలోని గ్యాలరీలు పొద్దుపోయే దాకా తెరిచి ఉంచుతారు. జనం కొలువుల నుంచి వచ్చి ఒక గ్యాలరీ నుంచి ఇంకో గ్యాలరీకి నడుస్తూ బొమ్మలు చూస్తారు. పైసా అడగరు. దీన్ని ఆర్ట్ వాక్ అంటారు. బొమ్మలు చూస్తూ నడవడం అన్నమాట. తర్వాత ఎన్నో నగరాలు ఇట్లనే చేశాయి. ఎందుకు సాయంత్రం? పగలంతా పని చేసేవాళ్లకు అప్పుడే తీరిక. ఈ మాట మీకు నేను చెప్పాలా?

కానీ అక్కలారా, ఇది కొత్త పద్ధతేమీ కాదు. అక్కడ జనం బొమ్మల దగ్గరికి నడుస్తారు. మన దగ్గర బొమ్మలే జనం దగ్గరికి నడిచి వచ్చేవి.

పటం కథ మీ అమ్మమ్మలను అడగండి. పటం అంటే పొడుగాటి బట్ట. వెడల్పు మూడు అడుగులు ఉంటే పొడవు నలభై, యాభై అడుగులు కూడా ఉండేది. దాని మీద కథ అంతా బొమ్మలుగా వేసి ఉంటుంది. కథ చెప్పేవాళ్లు పటం చుట్టి భుజాన వేసుకుని ఊరూరా తిరిగేవాళ్లు. పొద్దు గూకినంక దీపాలు పెట్టి పటం వేలాడదీసేవాళ్లు. కథ నడిచే కొద్దీ పటం విప్పుతూ పోయేవాళ్లు. ఒక్కో కులానికి ఒక్కో కథ. పద్మశాలీలకు కూనపులి వాళ్లు మార్కండేయ పురాణం చెప్పేవాళ్లు. ముదిరాజులకు కాకిపడగల వాళ్లు పాండవుల కథ, మాదిగలకు డక్కలి వాళ్లు జాంబ పురాణం చెప్పేవాళ్లు. చూసేవాళ్లకు టికెట్ లేదు. ఆ కులం వాళ్లు వడ్లో జొన్నలో ఇచ్చేవాళ్లు. అక్షరం రాని మనిషి కూడా పటం ముందు కూర్చుని కథ అంతా చదువుకునేది.

ఈ పటాలు వేసేవాళ్లను నకాషీలు అంటారు. సిద్దిపేట జిల్లా చేర్యాలలో ఇప్పటికీ వేస్తున్నారు. ఖాదీ బట్టకు గంజి పెడతారు. సుద్దమట్టి, ఉడికించి నూరిన చింతగింజల అంబలి, చెట్టు బంక కలిపి పూత మీద పూత వేస్తారు. ఆరినంక బట్ట గట్టిగా, నున్నగా అవుతుంది. పొయ్యి ముందు నిలబడి చింత అంబలి కలిపే పని మామూలు కష్టమా? బొమ్మల వెనక నేల ఎక్కువగా ఎర్రగా ఉంటుంది. చేర్యాల బొమ్మ అని దూరం నుంచే పోల్చవచ్చు. కథలు చెప్పేవాళ్లు తగ్గిపోయారు. ఇప్పుడు నకాషీలు ఇంటి గోడకు పెట్టుకునే చిన్న బొమ్మలు, ముఖాలు చేసి అమ్ముతున్నారు.

ఇక గ్యాలరీ గోడ మీద ఎవరు ఉంటారో చెప్తాను. తోట వైకుంఠం గారు 1942లో కరీంనగర్ జిల్లా బూరుగుపల్లిలో పుట్టారు. ఆయన బొమ్మల్లో ఎక్కువగా ఆడవాళ్లే. చామనఛాయ ముఖం, నుదుట రూపాయంత బొట్టు, ముక్కుపుడక, ముదురు రంగు అంచు చీర. తన తల్లిని చూసే ఇట్లా వేశానని ఆయన చెప్పారు. ఆ బొమ్మలు లక్షల రూపాయలకు అమ్ముడు పోతాయి. సిద్దిపేట కాపు రాజయ్య గారు (1925-2012) బతుకమ్మలను, బోనాలను బొమ్మల్లో పెట్టారు. చెప్పులు చూసుకుని నేను ఎవరి ఇంటి ముందు నుంచి తిరిగి వచ్చానో చూశారా? లోపల గోడ మీద ఉన్నది మనవాళ్లే అయి ఉండవచ్చు.

హైదరాబాద్‌లో గ్యాలరీలు దూరం దూరం. బంజారాహిల్స్‌లో కొన్ని, మాదాపూర్‌లో ప్రభుత్వం వారి స్టేట్ ఆర్ట్ గ్యాలరీ. నడిచి తిరగలేం. నడిచి చూడాలంటే ఎం.ఎస్. మక్తా ఉంది. ఖైరతాబాద్ పెద్ద వినాయకుడు తెలుసు కదా, ఆ వైపే, రాజ్‌భవన్ దగ్గర ఉన్న బస్తీ. 2016లో దేశంలోని, బయటి దేశాల చిత్రకారులు వచ్చి అక్కడి ఇళ్ల గోడల మీద పెద్ద పెద్ద బొమ్మలు వేశారు. గల్లీలే గ్యాలరీ. తలుపు లేదు, వాచ్‌మన్ లేడు. కానీ గోడ బొమ్మకు ఎండా వానా శత్రువులు. 2016 నాటి రంగు అట్లనే ఉంటుందని ఆశ పడకండి. ఇంకో మాట, అవి మనుషులు ఉండే ఇళ్లు. కిటికీల్లోకి తొంగి చూడవద్దు.

పోవడం ఎట్లా? 2023 డిసెంబర్ 9 నుంచి పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో ఆడవాళ్లకు టికెట్ పైసలు లేవు. ఆధార్ కార్డు చూపించి జీరో టికెట్ తీసుకోవాలి. ఎక్కే ముందు బస్సు మీద ఎక్స్‌ప్రెస్ అని ఉందా, సూపర్ లగ్జరీ అని ఉందా చదవండి. లగ్జరీకి పైసలు పడతాయి. గ్యాలరీలకు వారంలో ఒక రోజు సెలవు ఉండవచ్చు. ముందే ఫోన్ చేసి అడగండి. సాయంత్రం చూస్తే రాత్రి తిరిగి రావడం కష్టం. చుట్టాల ఇల్లు చూసుకోండి, లేదా మధ్యాహ్నమే చూసి బయలుదేరండి. ఇంట్లో ముందుగా చెప్పి, నలుగురు కలిసి పోండి.

మన చదువు కేంద్రంలో బీడీలు చుట్టే ఒక అక్క నాతో వచ్చింది. ఈసారి నేను వెనక్కి తిరగలేదు, ఆమె ఉంది కదా. గ్యాలరీలో తలుపు దగ్గర బల్ల మీద ఒక పెద్ద పుస్తకం ఉంటుంది. చూసినవాళ్లు అందులో పేరు, ఊరు, తమ అభిప్రాయం రాస్తారు. అక్క పెన్ను తీసుకుని పేరు రాసింది. ఊరు దగ్గర రెంజల్ అని రాసింది. "ఇక్కడేం రాయాలె టీచరమ్మా?" అని అడిగింది. నీకు తోచింది రాయి అన్నాను. ఆమె మళ్లీ లోపలికి పోయి ఒక బొమ్మ ముందు చాలాసేపు నిలబడి వచ్చింది. తర్వాత ఒక్కో అక్షరం కూడబలుక్కుంటూ రాసింది.

"చీర రంగు మంచిగుంది. చేతులు మెత్తగ వేసిండ్రు. పని చేసే చేతులు గట్ల ఉండవు."