ఉప్పల్‌లో పోప్ ఊడ్చిన బంతులు

2024 జనవరి 28, ఆదివారం సాయంత్రం. ఎల్లారెడ్డి నుంచి కామారెడ్డికి బస్సు. ఫోన్‌లో ఉప్పల్ టెస్ట్, నెట్‌వర్క్ వస్తూ పోతూ. మొదటి ఇన్నింగ్స్‌లో మనకు 190 పరుగుల ఆధిక్యం. ముందురోజు ఇంగ్లండ్ 163కే 5 వికెట్లు పోగొట్టుకుంటే, ఇక అయిపోయిందనుకున్నా. ఓలీ పోప్ ఏకంగా 196 కొట్టాడు.

నేనూ మా ఊళ్లో ఆఫ్ స్పిన్ వేస్తా. అందుకే ఆ ఇన్నింగ్స్ నాకు కాస్త ఎక్కువే గుచ్చుకుంది. స్పిన్నర్ బతికేది లెంగ్త్ మీద. ముందుకు రావాలా, వెనక్కి వెళ్లాలా బ్యాట్స్‌మన్ తేల్చుకోలేని చోట బంతి పడాలి. స్వీప్ ఆడేవాడికి ఆ గొడవే లేదు. మోకాలు వంచి, బంతి తిరిగేలోపే ఊడ్చేస్తాడు. లెగ్ సైడ్ మనుషుల్ని పెడితే రివర్స్ స్వీప్‌తో పాయింట్ వైపు కొడతాడు. ఫీల్డర్‌ని అటు మారిస్తే ఇటు ఖాళీ. విసిగిపోయి బౌలర్ లెంగ్త్ మార్చాడా, పోప్‌కి కావాల్సింది అదే. అశ్విన్, జడేజా, అక్షర్ ముగ్గురికీ ఇదే తిప్పలు. అదృష్టమూ ఉంది లెండి: 110 దగ్గర రివర్స్ స్వీప్ ఆడితే అక్షర్ క్యాచ్ వదిలేశాడు.

మన లక్ష్యం 231. టామ్ హార్ట్లీకి అది తొలి టెస్ట్; అతని మొట్టమొదటి బంతినే జైస్వాల్ సిక్స్ కొట్టాడు. ఆ హార్ట్లీయే ఇప్పుడు 62 పరుగులకు 7 వికెట్లు. మనవాళ్లలో రోహిత్ కొట్టిన 39 ఎక్కువ. చివరికి మన సిరాజ్ స్టంపౌట్, 28 పరుగుల తేడాతో ఓటమి.

తర్వాతి వారం మా గ్రౌండ్‌లో ఓ జూనియర్ నా బంతికి మోకాలు వంచాడు. ఫోర్. లెంగ్త్ మార్చకుండా మళ్లీ అక్కడే వేశా.