తెగిపోవు వైఫై: దోషమెక్కడ?

మా పొరుగింటి అమ్మాయి ఇంటిలోనే కూర్చుండి, లాప్‌టాప్ ద్వారా పదిమంది పిల్లలకు గణితము బోధించుచున్నది. ఆ యింటికి ఆ రాబడియే ముఖ్యాధారము. కొన్ని నెలల క్రిందట పాఠము నడుమ వైఫై మాటిమాటికి తెగిపోసాగినది. లెక్క సగములో ఆగిపోవుటయు, పిల్లలు విసుగు చెందుటయు నిత్యకృత్యమైనది. ఇద్దరు పిల్లలు పాఠములు మానుకొన్నారు. యంత్రము పాతబడినదని యెంచి, అప్పు చేసియైనను క్రొత్తది కొనవలెనని తండ్రిగారు నిశ్చయించుకొన్నారు. కొనుటకు ముందు మమ్ములను పిలిచి, “గాలిలో వచ్చునదంతయు మీ శాఖయే కదండీ! ఒకసారి చూచి చెప్పుడు” అన్నారు.

ఆయన మాటలో నిజము లేకపోలేదు. వైఫై కూడ రేడియోయే. అయితే మీడియం వేవు ప్రసారపు తరంగము వందల మీటర్ల నిడివి గలది. వైఫైలో 2.4 గిగాహెర్ట్జ్ తరంగపు నిడివి సుమారు 12.5 సెంటీమీటర్లు, 5 గిగాహెర్ట్జ్ తరంగపు నిడివి సుమారు 6 సెంటీమీటర్లు మాత్రమే. ఇంత పొట్టి తరంగములు గోడలను దాటునప్పుడు బలము కోల్పోవును. ఇనుప బీరువా అడ్డమైనచో చాలవరకు అక్కడనే ఆగిపోవును. మరియొక భేదము కూడ కలదు. రేడియో పెట్టె వినును గాని మాటాడదు. లాప్‌టాప్ అట్లు గాక, విన్న ప్రతి మాటకును తిరిగి బదులు చెప్పవలెను. కావున రౌటరు మాట దానికి చక్కగా వినబడుచున్నను, దాని బదులు రౌటరుకు చేరనిచో సంబంధము తెగిపోవును.

“వైఫై పోయినది” అని మనము ఒక్కమాటలో చెప్పుదుము. కాని దోషముండదగిన తావులు నాలుగు: బయటినుండి ఇంటికి వచ్చు తీగ, రౌటరు, నడుమనున్న గాలి, లాప్‌టాప్. ఏ తావున దోషమున్నను తెరపై కనబడు లక్షణమొక్కటే. కావున తావు తెలియక చేయు చికిత్స చీకటిలో బాణము వేయుట వంటిది.

తావు తెలిసికొనుటకు ఖరీదైన పరికరము లక్కరలేదు. సంబంధము తెగిన క్షణముననే, అదే వైఫైపై నున్న ఫోనును చూడవలెను. ఫోనులో మొబైలు డేటాను ముందుగా ఆపియుంచవలెను. లేనిచో వైఫై పోయినను ఫోను పనిచేయుచు మనలను భ్రమపెట్టును. ఫోను నిలిచి లాప్‌టాప్ మాత్రమే తెగినచో దోషము చాలవరకు లాప్‌టాప్‌దే. రెండును తెగినచో లాప్‌టాప్‌ను రౌటరుకు తీగతో కలిపి చూడవలెను. తీగతోకూడ తెగినచో దోషము రౌటరుదో, బయటి తీగదో యగును. ఫైబరు కనెక్షను గల యిండ్లలో పెట్టెపై ఎఱ్ఱదీపము వెలిగినచో సాధారణముగా బయటి తీగయే కారణము. కంపెనీవారిని పిలువక తప్పదు. తీగతో నిలిచి వైఫైతో మాత్రమే తెగినచో గాలిలోని సంగతి చూడవలెను.

మేము ఆ అమ్మాయిచే అయిదు దినములు ఒక నోటుపుస్తకము వ్రాయించితిమి. తెగిన వేళ, కూర్చున్న చోటు, ఫోను స్థితి, చార్జరు తగిలించియున్నదా లేదా అను నాలుగు సంగతులే అందులో వ్రాయవలసినవి. అయిదవ దినమున చూడగా రెండు తీరులు స్పష్టమైనవి. సాయంకాలము ఏడు దాటిన పిమ్మట ఫోను, లాప్‌టాప్ రెండును తెగుచున్నవి. తీగతో కలిపినచో నిలుచుచున్నవి. ఉదయము లాప్‌టాప్ మాత్రమే తెగుచున్నది. అదియు చార్జరు లేనప్పుడే. ఒకే ముఖము దాల్చిన రెండు దోషములన్నమాట!

మొదటిదానికి కారణము ఇరుగుపొరుగు రౌటర్ల రద్దీ. ఒకప్పుడు రేడియో పెట్టెకు సైతము తపాలాకచేరిలో లైసెన్సు తీసికొనవలసియుండెడిది. 2.4 గిగాహెర్ట్జ్ పట్టీని మన ప్రభుత్వము 2005లో లైసెన్సు నుండి మినహాయించినది. నేడు అపార్ట్‌మెంటులో ఇంటికొక రౌటరు. బ్లూటూతు పరికరములును, మైక్రోవేవ్ పొయ్యియు ఆ పట్టీలోనివే. అందులో ఛానళ్లు పదమూడు ఉన్నను వాటి నడుమ ఎడము 5 మెగాహెర్ట్జ్ మాత్రమే. ఒక్కొక్క ప్రసారము ఆక్రమించునది సుమారు 20 మెగాహెర్ట్జ్. కావున ఒకదానిపై నొకటి పడకుండుటకు సాధారణముగా ఎంచుకొనునవి 1, 6, 11. వారి రౌటరు 4వ ఛానలులో నుండి, ఇరువైపుల సందడిలో చిక్కుకొనినది. దానిని 11కు మార్చి, బీరువా వెనుకనుండి తీసి, ఇంటి నడుమ ఎత్తైన అలమరపై నుంచితిమి. సాయంకాలపు బాధ తీరినది. రౌటరున్న గదిలోనే పనిచేయువారికి 5 గిగాహెర్ట్జ్ మరింత మేలు. అందు రద్దీ తక్కువ, గోడలు దాటు శక్తియు తక్కువ.

రెండవదానికి కారణము పొదుపు. బ్యాటరీపై నడచునప్పుడు విద్యుత్తు మిగుల్చుటకై లాప్‌టాప్ తన వైఫై భాగమును నిద్రపుచ్చుచుండెను. విండోస్ యంత్రములలో డివైస్ మేనేజరు తెరచి, నెట్‌వర్క్ అడాప్టర్లలో వైఫై పేరు ఎంచుకొని, పవర్ మేనేజిమెంటు పుటలో ఆ అనుమతి గుర్తును తీసివేయవలెను. ఆ పుట కనబడని యంత్రములలో బ్యాటరీ సేవరును ఆపి చూడవలెను. అప్పటికిని కుదురనిచో, లాప్‌టాప్ తయారించినవారి సైటునుండి వైఫై డ్రైవరును తెచ్చి వేయవలెను. తెగుట ఏదైన అప్‌డేటు పిమ్మటనే మొదలైనచో పాత డ్రైవరుకు మరలుటయు ఒక మార్గము. యూఎస్‌బీ 3 డిస్కులు కూడ 2.4 గిగాహెర్ట్జ్ లో రొద కలిగించును. తగిలించియున్నచో తీసి చూడవలెను.

ఇందు రెండు జాగ్రత్తలు ముఖ్యము. ఒకసారి ఒక్క మార్పే చేసి, ఒక దినము వేచి చూడవలెను; నాలుగు మార్పులు కలిపి చేసినచో ఏది మేలు చేసినదో తెలియదు. రౌటరును ఆపి మరల వెలిగించుట వేరు, దాని సన్నని రంధ్రములో సూది గ్రుచ్చుట వేరు. సూది గ్రుచ్చినచో కంపెనీవారు అమర్చిన వివరములన్నియు చెరగిపోవచ్చును.

ఆ యింట క్రొత్త యంత్రము కొనలేదు, అప్పు చేయలేదు. క్రొత్తది కొనియున్నను 4వ ఛానలులోని రద్దీ తగ్గెడిది కాదు, సాయంకాలపు పాఠము తెగకుండ నుండెడిదియు కాదు. మానుకొన్న ఇద్దరిలో ఒక పిల్లవాడు తిరిగి పాఠమునకు వచ్చుచున్నాడు. ఆ నోటుపుస్తకములో మిగిలిన పుటలపై ఇప్పుడు బీజగణితపు లెక్కలున్నవి.