చేతికి పని, చెవికి కథ

జనగామ జిల్లా కొడకండ్ల, 2016 అక్టోబరులో జిల్లాలు విడిపోయేదాకా వరంగల్ జిల్లాలో భాగంగా ఉండి, చెలక వ్యవసాయాన్నీ చేనేతనూ నమ్ముకుని బతికిన ఊరు. ఇక్కడి మామూలు రోజును గడియారం లెక్కన కాక పనుల వరుసన చూస్తే, పనివేళ ఒకటి, వినోదం వేళ మరొకటి అనే విభజన ఈ ప్రాంతపు జీవితంలో మొదటినుంచీ అంత గట్టిగా లేదని తెలుస్తుంది. ఇంటి చాకిరిలో గానీ మగ్గం గుంటలో గానీ చేతులకూ కళ్లకూ తీరిక దొరకదు. చెవి మాత్రం ఖాళీగా ఉంటుంది. ఆ చెవి కోసమే పాట, ఆ తరువాత రేడియో వచ్చి చేరాయి. కళ్లు కూడా కావాలనే కథలు రాత్రివేళకు ఒదిగాయి. పట్టపగలు, పని నడిచే వేళలో, కళ్లను కూడా తనకే ఇమ్మని అడిగిన మొదటి వినోదం టెలివిజన్.

రోజు వాకిట్లో మొదలవుతుంది. తెల్లవారకముందే వాకిలి ఊడ్చి, తెలంగాణలో సాన్పు అని పిలిచే పేడనీళ్లు చల్లి, ఆ తడి ఆరేలోగా ముగ్గు పెట్టడం స్త్రీల తొలి పని. అయితే దాన్ని పనుల జాబితాలో మాత్రమే చేర్చితే అన్యాయమే అవుతుంది. పదిహేను చుక్కలు, ఎనిమిది వచ్చేవరకు, సందుచుక్క అంటూ ఆడపిల్లలు నోటుపుస్తకాల్లో రాసుకునే లెక్కలో ఒక పూర్తి విద్య ఉంది: నడిమి వరుసలో పదిహేను చుక్కలు పెట్టి, పైకీ కిందికీ ఒక్కొక్క చుక్క తగ్గిస్తూ, ప్రతి చుక్కనూ వెనుక వరుసలోని రెండు చుక్కల సందులో ఉంచుతూ పోతే ఆరుపలకల ఆకారం ఏర్పడుతుంది, దాని చుట్టూ తీగ తెగకుండా గీత నడుస్తుంది. పొరుగింటి ముగ్గును చూసి పుస్తకంలోకి ఎక్కించుకోవడం, పండుగకు కొత్తది దాచిపెట్టుకోవడం, చుక్క తప్పితే చెరిపి మళ్లీ పెట్టడం, ఇవన్నీ నేడు అభిరుచి అనే పేరుతో పిలిచేవే. ఇంటి చాకిరిలో ఒదిగి ఉండటం వల్ల ఆ పేరు దానికి దక్కలేదు.

ముగ్గు తరువాత నీళ్లు, అంట్లు, పొయ్యి, ఆపైన ఒకప్పుడైతే రోలూ ఇసుర్రాయీ ఉండేవి. ఇసుర్రాయి అంటే తిరగలి. కింది రాయి కదలకుండా ఉంటే, కొయ్యపిడి పట్టుకుని పై రాయిని తిప్పుతూ గింజలను పిండి చేసేవారు. ఇద్దరు స్త్రీలు ఎదురెదురుగా కూర్చుని ఒకే పిడిని పట్టి తిప్పేటప్పుడు ఇద్దరి చేతులూ ఒకే వేగంతో కదలాలి, ఆ వేగాన్ని నిలిపేది పాట. అందుకే విసుర్రాయి పాటలను, దంపుడు పాటలను ఆ పనికి తోడుగా వచ్చిన కాలక్షేపం అనుకోవడం కంటే, ఆ పనిముట్టులో ఒక భాగం అనుకోవడమే సరైనది. వరంగల్ ప్రాంతానికే చెందిన బిరుదురాజు రామరాజు తెలుగు జానపద గేయ సాహిత్యంపై పరిశోధన చేసి ఉస్మానియా విశ్వవిద్యాలయం నుంచి డాక్టరేట్ పొందడంతో, ఇటువంటి పాటలకు విద్యాలోకంలో చోటు దొరికింది. అప్పటికే పిండిగిర్నీలు ఊళ్లలోకి రావడం మొదలైంది. గిర్నీ స్త్రీల భుజాల నొప్పిని తగ్గించింది, అది ఎంతో మేలు. దానితోపాటు పాటకు ఆనుకోవడానికి ఉన్న రాయిని కూడా తీసుకుపోయింది.

చేనేత ఇళ్లలో చాకిరికి రెండో సగం కూడా ఉంటుంది. పద్మశాలి ఇంట్లో మగ్గం మీద కూర్చునేది ఒక్కరైనా, నేతకు ముందు జరిగే పని ఇంటిల్లిపాదిదీ: నూలు చిలపలను విప్పి రాట్నం మీద కండెలు చుట్టడం స్త్రీలకు, పిల్లలకు, వయసు మళ్లినవారికి పడే పని. కండె అంటే పేక నూలు చుట్టిన చిన్న గొట్టం. దాన్ని నాడెలో ఇమిడ్చితే, ఆ నాడె నిలువుగా సాగిన పడుగు పోగుల మధ్య అటూ ఇటూ పరుగెత్తి అడ్డపోగును పరుస్తుంది. నేలలో తవ్విన గుంటలో కాళ్లు పెట్టుకుని కూర్చున్న నేతగాడు తొక్కుడు కట్టెలను కాళ్లతో ఒత్తుతూ, ఒక చేత్తో నాడెను నడిపే తాడును లాగుతూ, మరో చేత్తో పలకను కొడుతూ ఉంటాడు గనుక, రెండు కాళ్లూ రెండు చేతులూ కళ్లూ ఏకకాలంలో పనిలోనే ఉంటాయి. అతడికి మిగిలేది చెవి ఒక్కటే. అయితే ఆ చెవికీ మగ్గం చప్పుడు అడ్డం వస్తుంది. కండె అయిపోయి కొత్తది మార్చే ఆ కొద్ది క్షణాల్లో పక్కన పెట్టిన రేడియో మాట ఒక్కసారిగా స్పష్టంగా వినిపించి, నాడె మళ్లీ కదలగానే మసకబారుతుంది. మగ్గం దగ్గర వినడం అంటే సగం విని, మిగతా సగాన్ని తెలిసిన కథతో పూరించుకోవడమే.

మగ్గం పూర్తిగా మూగబోయే పని ఒకటుంది, దాన్ని అచ్చు అతకడం అంటారు. ఒక పడుగు నేసి ముగిశాక కొత్త పడుగులోని ప్రతి పోగునూ పాత పడుగు కొసతో ఒక్కొక్కటిగా కలిపి, బూడిద అంటిన వేళ్లతో మెలిపెట్టి అతకాలి. వేల పోగులు, అన్నీ వేళ్ల కొసల మీదే నడిచే పని, ఏ చప్పుడూ ఉండదు. నేత పనులన్నింటిలోకీ కథ వినడానికి ఇంత అనువైనది మరొకటి లేదు.

రేడియో రాకముందు నేతగాళ్ల వాడలకు కథను మోసుకొచ్చినవారు కూనపులివారు. పద్మశాలీలను మాత్రమే ఆశ్రయించి, వారి కులపురాణాన్ని వారికే చెప్పి, ప్రతిఫలంగా ధాన్యమో బట్టో పైకమో పొందే హక్కు గలవారు వీరు. ఇలా తరతరాలుగా పంచుకున్న ఊళ్ల హక్కును మిరాశీ అంటారు. మార్కండేయుడి కుమారుడైన భావనారుషి తామరతూడుల నారతో దేవతలకు తొలి వస్త్రం నేసిన వృత్తాంతాన్ని, పొడవాటి బట్ట పటం మీది బొమ్మలను ఒక్కొక్కటిగా చూపుతూ వీరు గానం చేస్తారు. ఆ పటాలను చేర్యాలలోని నకాషీ చిత్రకారులు వేస్తారు; చింతగింజల పిండి, సుద్దమట్టి, బంక కలిపిన పూతను బట్టకు పట్టించి, ఎర్రటి నేపథ్యం మీద బొమ్మలు దించే ఈ చిత్రకళకు భౌగోళిక గుర్తింపు కూడా దక్కింది. గ్యాలరీ గోడకు వేలాడే చేర్యాల పటాన్ని చూసి మురిసిపోయేవారు, అది మొదట గోడ కోసం పుట్టిన బొమ్మ కాదని, మగ్గం ఆపి వచ్చి కూర్చున్న నేతగాడికి తన పని ఎంత గొప్పదో చెప్పడానికి పుట్టిన కథాపుస్తకమని తెలుసుకోవడం అవసరం.

ఊరంతటికీ ఉమ్మడిగా ఉన్న రాత్రి వినోదాలు ఒగ్గుకథ, చిందు యక్షగానం. శివుడి చేతి డమరుకాన్ని ఒగ్గు అంటారు. మల్లన్న, బీరప్ప, ఎల్లమ్మ కథలను డోలు, తాళాల మధ్య ప్రధాన కథకుడు నడిపిస్తుంటే పక్కవారు వంతపాడుతూ పాత్రలుగా మారుతూ ఉంటారు. ఈ కళను పల్లె దాటించి దేశానికి చూపిన చుక్క సత్తయ్య జనగామ పక్కనే లింగాలఘణపురం మండలం మాణిక్యపురం వారు. కేంద్ర సంగీత నాటక అకాడమీ పురస్కారం పొందిన ఆయన 2017లో కన్నుమూశారు. చిందు యక్షగానం విషయంలోనూ ఈ చుట్టుపక్కల నేల భాగ్యవంతమైనదే: కొడకండ్లకు పొరుగున ఉన్న దేవరుప్పుల మండలం అప్పిరెడ్డిపల్లికి చెందిన గడ్డం సమ్మయ్యకు 2024లో పద్మశ్రీ ప్రకటించారు. పురస్కారాల పట్టికలో ఈ పేర్లు చేరడానికి చాలా ముందే, పొలం పనులు ముగిసి, పొయ్యి చల్లారి, పిల్లలు ఒళ్లో నిద్రపోతుండగా తెల్లవారేదాకా చూసిన ప్రేక్షకులే ఈ కళలను పోషించారు.

రేడియో ఆ రాత్రి వినోదాన్ని పగటిలోకి తెచ్చింది. నిజాం ప్రభుత్వం నడిపిన హైదరాబాదు డెక్కన్ రేడియో 1950లో ఆకాశవాణిలో కలిసిపోయింది, 1957లో వివిధ భారతి మొదలైంది, ట్రాన్సిస్టర్ వచ్చి కరెంటు లేని ఇంటికీ ఆ గొంతును చేర్చింది. పోస్టాఫీసులో లైసెన్సు రుసుము కట్టి రేడియో ఉంచుకోవలసిన రోజుల్లో, గ్రామపంచాయతీ కార్యాలయపు రేడియోయే చాలామందికి దిక్కు. రైతులకు పాడిపంటలు, పిల్లలకు బాలానందం, కార్మికులకు ఏకాంబరం, చిన్నక్క అనే పాత్రల సంభాషణలతో నడిచే కార్యక్రమం, ఇలా రోజును పంచుకున్నాయి. ఆదివారం మధ్యాహ్నం వచ్చే సంక్షిప్త శబ్దచిత్రం, అంటే ఒక సినిమాను మాటలూ పాటలతోనే గంటలోకి కుదించి వినిపించే కార్యక్రమం, ఈ వాదానికి అన్నింటికంటే గట్టి సాక్ష్యం: కళ్ల కోసమే పుట్టిన సినిమాను కూడా చెవి కోసం తిరిగి కట్టి ఇచ్చిన కాలం అది. కండెలు చుడుతున్న ఇల్లాలు ఆ గంటలో ఒక్క కండె కూడా తగ్గించకుండా సినిమా చూసి వచ్చినంత తృప్తి పొందేది.

టెలివిజన్ ఈ ఒప్పందాన్ని మార్చింది. 1987 జనవరి 25న దూరదర్శన్‌లో మొదలై 1988 జూలై 31 దాకా ఆదివారం ఉదయాలను ఏలిన రామానంద్ సాగర్ రామాయణం, ఆ వెంటనే 1988 అక్టోబరు 2 నుంచి 1990 జూన్ 24 దాకా సాగిన బి.ఆర్. చోప్రా మహాభారతం, దేశమంతటా పనిని నిలిపివేసిన తొలి కార్యక్రమాలు. వాడకు ఒకటో రెండో టీవీలు ఉండే ఆ రోజుల్లో స్నానాలు, పొయ్యి పని అన్నీ ముందుకు జరిగేవి, ఇంటి కప్పు మీద ఏంటెనా తిప్పడానికి ఒక కుర్రవాడు సిద్ధంగా ఉండేవాడు. ఆ మాటలు హిందీవి. అయినా అడ్డం కాలేదు. ఉర్దూ చెవికి పరిచయమైన తెలంగాణలో అది కొంత తోడ్పడినా, అసలు కారణం వేరు: పోతన పుట్టిన బమ్మెర, పాల్కురికి సోమనాథుడి పాలకుర్తి ఉన్న ఈ సీమలో, చిందు భాగవతులు రాత్రులకు రాత్రులు ఆడిన పురాణకథల నడుమ పెరిగినవారికి భాష తెలియకపోయినా ఏ ఘట్టం నడుస్తున్నదో తెలిసిపోయేది. శుక్రవారం చిత్రలహరి, 1995లో వచ్చిన ఈటీవీ, 1996లో ఎస్.పి. బాలసుబ్రహ్మణ్యం చేపట్టిన పాడుతా తీయగా, దూరదర్శన్‌లో ఋతురాగాల వంటి రోజువారీ ధారావాహికలు వచ్చాక, వారానికి ఒక పూట ఆగిన పని ప్రతిరోజూ కొద్దికొద్దిగా ఆగడం మొదలైంది.

అయితే ఇల్లాలు దానికీ ఒక దారి కనిపెట్టింది. బియ్యంలో రాళ్లు ఏరుతూ, చిక్కుడుకాయ ఈనెలు తీస్తూ, తల వంచుకునే సీరియల్ విని, గొంతు మారినప్పుడో నేపథ్య సంగీతం ఉరిమినప్పుడో మాత్రమే తల ఎత్తడం ఏ ఇంట్లోనైనా కనిపించే దృశ్యం. చూడవలసినదాన్ని వినవలసినదిగా మార్చుకున్న ఈ నేర్పును గమనించినవారు తక్కువ. మగవారి కాలక్షేపం అందుకు భిన్నంగా నడిచింది. పులిమేక, పచ్చీసు ఆటలకు గీసిన గళ్లు అరుగు బండల మీద ఉండేవి, అవి పని లేని వేళ కోసమే పుట్టినవి. అష్టాచెమ్మా, ఓనగుంటలు స్త్రీలవీ పిల్లలవీ.

బతుకుదెరువు కోసం మగ్గం వదిలి షోలాపూర్, భీవండి, సూరత్‌లకు తరలిన నేత కుటుంబాల కథ వేరుగా చెప్పుకోవాలి. మరమగ్గాల షెడ్డులో ఎడతెగని మోత. కండె మారే విరామంలో కథ వినిపించే అవకాశం అక్కడ లేదు. నేతపనికీ వినికిడికీ ఉన్న ఆ పాత చుట్టరికం అలా తెగిపోవడం, కూలి లెక్కల్లో ఎక్కడా కనిపించని నష్టం.

ఊళ్లో మిగిలిన గుంటమగ్గాల దగ్గరా, పత్తి ఏరే చెలకల్లోనూ ఇప్పుడు రేడియో స్థానంలో సెల్‌ఫోన్ ఉంది. యూట్యూబ్‌లో గంటల తరబడి సాగే ఒగ్గుకథలూ, పాత సినిమా పాటలూ, ముప్పై ఏళ్ల నాటి ధారావాహికలూ దొరుకుతాయి. బొమ్మ ఉన్నా దాన్ని చూసేవారు లేరు. ఫోన్‌ను ఖాళీ చెంబులో దింపితే గొంతు పెద్దగా, గంభీరంగా వస్తుంది. తెర చెంబు అడుగున ఎవరికీ కనబడకుండా వెలుగుతూ ఉంటుంది, నాడె అటూ ఇటూ తిరుగుతూ ఉంటుంది, కండె అయిపోయినప్పుడు మల్లన్న కథ ఎక్కడిదాకా వచ్చిందో తేటగా వినిపిస్తుంది.