మార్పుల చిట్టా

కంప్యూటరు ప్రోగ్రాము క్రొత్త కూర్పులో ఏమి మారినదో తెలుపు చిట్టాను చేంజ్‌లాగ్ అందురు. దీనిని మరియొక ప్రోగ్రామే తయారుచేయగలదు. ఎట్లు?

2005లో లినస్ టోర్వాల్డ్స్ రూపొందించిన గిట్, ప్రతి మార్పును దాని వివరణతో సహా భద్రపరచును. దోషమును సవరించినచో వివరణకు ముందు 'ఫిక్స్' అనియు, క్రొత్త సౌకర్యమును చేర్చినచో 'ఫీట్' అనియు వ్రాయు పద్ధతి కలదు. ఈ మాటలను బట్టి వివరణలు వేరుపరచబడి చిట్టాలో చేరును. కూర్పు సంఖ్యయు తేలును. 1.4.2 తరువాత సవరణలే ఉన్నచో 1.4.3, క్రొత్త సౌకర్యమున్నచో 1.5.0, పాత వాడుక ఇక చెల్లదని గుర్తుంచినచో 2.0.0.

అయితే చిట్టా కూర్చు ప్రోగ్రాము ఆ మాటను నమ్మునే గాని, మార్పును పరీక్షింపదు. పాత వాడుకను చెరచు మార్పునకు 'ఫిక్స్' అని వ్రాసినచో, 1.4.3ను చిన్న సవరణయని స్వీకరించినవారి పని నిలిచిపోవచ్చును. వ్రాత సత్యమైననే చిట్టా సత్యమగును.