మిర్టాజపిన్: నిద్ర పట్టింది సరే, మనసు కుదుటపడిందా?

డిప్రెషన్‌తో నిద్ర పట్టక, ఆకలి చచ్చి చిక్కిపోయినవారికి డాక్టర్లు మిర్టాజపిన్ రాస్తుంటారు. చాలామందికి మొదటి రాత్రే గాఢంగా నిద్ర పడుతుంది. దాంతో ఇంట్లో దానికి ‘నిద్ర గోలీ’ అని పేరు పడిపోతుంది. చిక్కు అక్కడే వస్తుంది. నిద్ర కుదిరాక ఇంకెందుకని ఆపేస్తారు. లేదా పగలు మత్తుగా ఉంటోందని సగానికి విరిచి ఇస్తారు.

ఈ మందు ముఖ్యంగా రెండు పనులు చేస్తుంది. మనల్ని మెలకువగా ఉంచే హిస్టమిన్‌ను మెదడులో అడ్డుకోవడం ఒకటి. కొన్ని జలుబు గోలీలకు మగత వచ్చేదీ ఇందుకే. దీనికి 7.5 మిల్లీగ్రాములు కూడా సరిపోతాయి. రెండోది, నోర్‌అడ్రినలిన్, సెరటోనిన్ రసాయనాల పనిని పెంచడం. మనసు తేరుకునేది దీనివల్లే అంటారు. డిప్రెషన్‌కు సాధారణంగా 15 మి.గ్రా.తో మొదలుపెట్టి, అవసరాన్ని బట్టి 30, 45 దాకా పెంచుతారు. గుణం తెలియడానికి రెండు నుంచి నాలుగు వారాలు, ఒక్కోసారి ఇంకా ఎక్కువ పడుతుంది.

డోసు రెట్టింపైతే మత్తూ రెట్టింపవుతుందని భయపడేవారు చాలామంది. అలా జరగాలనేం లేదు. హిస్టమిన్‌ను అడ్డుకునే పని చిన్న డోసులోనే చాలావరకు అయిపోతుంది. డోసు పెరిగేకొద్దీ చురుకుదనమిచ్చే నోర్‌అడ్రినలిన్ ప్రభావం మగతను కొంత తగ్గిస్తుందని డాక్టర్లు వివరిస్తారు. అందరికీ ఒకేలా ఉండదు, 30 మీద కూడా తూగేవాళ్లుంటారు. కానీ గోలీని విరిస్తే మత్తు పోకపోవచ్చు, మనసుకు అందాల్సిన మందు మాత్రం తగ్గిపోతుంది.

రోజుకు ఒక్కసారి, పడుకునే ముందు వేసుకునే మందు కాబట్టి రోజాకు అడ్డురాదు. తరావీహ్ అయ్యాక వేసుకోవచ్చు. సహరీకి లేవలేకపోతుంటే టైమ్ మార్చమని డాక్టర్‌నే అడగాలి. మత్తు ఉన్నన్నాళ్లూ బండి నడపొద్దు. ఆకలి, బరువు పెరగడం మామూలే. అయితే జ్వరం, గొంతునొప్పి వస్తే మాత్రం తేలిగ్గా తీసుకోవద్దు. అరుదుగా తెల్ల రక్తకణాలు పడిపోతాయి, రక్తపరీక్ష అవసరం కావచ్చు.

ఒక్కసారిగా ఆపితే కళ్లు తిరగడం, వికారం, ఆందోళన రావచ్చు. డాక్టర్ చెప్పినట్టు మెల్లగా తగ్గించాలి. మొదటి వారాల్లో, డోసు మార్చినప్పుడు, ముఖ్యంగా పాతికేళ్లలోపు పిల్లలను కనిపెట్టుకుని ఉండాలి. చనిపోవాలన్న మాట నోట వస్తే ఆ రోజే డాక్టర్ దగ్గరికి తీసుకెళ్లాలి. ప్రభుత్వ టెలిమానస్ నంబర్ 14416కు ఏ వేళలోనైనా ఫోన్ చేయొచ్చు, ఉచితం.